చోళపురం బస్సు, నా ఫారములో మొదటి గడి

ఆ రోజుల్లో మాకు ఊరు దాటడం సుళువు, వాకిలి దాటడమే కష్టం. ఎవరైనా ఒక పనిమీద బయలుదేరినారంటే ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఊపిరి బిగబట్టుకొని ఉండాలి. తుమ్మకూడదు. ఉత్త బిందెతో ఎదురు రాకూడదు. "పోతా" అనకూడదు, "పోయి వస్తా" అనాలి. వీటన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. చెప్పులు తొడుక్కొని నిలబడిన మనిషిని "ఎక్కడికి?" అని అడగడం. అడిగినారంటే పోయే పని చెడినట్టే. అప్పుడు ఆ మనిషి మళ్ళీ ఇంటికి పోయి, కాసేపు కూర్చొని, ఒక చెంబు నీళ్ళు తాగి, కొత్తగా బయలుదేరాలి. (బండి చక్రం ఒక చుట్టు తిరిగినాక మాత్రం ఎవరు ఏమడిగినా దోషం లేదు. ఈ చిన్న వెసులుబాటును మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.) ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, మా ముత్తాతలు దక్షిణానికి వచ్చేటప్పుడు మూటలో కట్టుకొని తెచ్చినారా, లేక ఇక్కడికి వచ్చినాక పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకొన్నారా అని నేను చాలా పుస్తకాల్లో వెతికినాను. ఇంకా దొరకలేదు. ఒక బస్సు మా ఊరికి రాకుండా పోవడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం నేను పుస్తకం చూడకుండానే చెప్పగలను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. యుద్ధం జరుగుతూ ఉండింది. మా ఊరు చోళపురంలో నైనకు (నాన్నను మేము అట్లా పిలుస్తాము) పత్తి చేను, మిరప చేను, రెండు ఎద్దులు ఉండేవి. నేను మాత్రం రాజపాళయంలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో పత్తి బేళ్ళ మీద నల్లరంగుతో నంబర్లు వేసే ఉద్యోగంలో ఉండినాను. పెద్ద ఉద్యోగమేమీ కాదు. అయితే సాయంత్రం పని ముగిసినాక, తిరుగు బస్సు వచ్చేలోపల గంటన్నర సమయం చిక్కేది. ఆ గంటన్నర నేను లైబ్రరీలో కూర్చొనేవాణ్ణి. అందరిలాగా నేనూ బడిలో చదివింది తమిళమే. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు ఉంటాయనే సంగతి నాకు ఆ లైబ్రరీలోనే తెలిసింది. మూలగా ఒక బీరువా, అందులో తెలుగు పుస్తకాలు, దానికి ఒక తాళం ఉండేవి. తాళంచెవి ఎక్కడుందో లైబ్రరీ సారుకే తెలియదు. నాలుగు నెలలు నేను అడగంగా అడగంగా, ఆయన విసుగెత్తి వడ్రంగిని పిలిపించి తాళం తీయించినాడు. అట్టలేని ఒక వాచకం పెట్టుకొని నా అంతట నేనే అఆలు నేర్చుకొన్నాను. ఆ తరువాత ఇంగ్లీషు కూడా అట్లే, నిఘంటువు ఒక చేత్తో, పత్రిక ఒక చేత్తో. దానివల్ల నాకు కొంచెం గర్వం పెరిగింది. (కొంచెం అని ఇప్పుడు అంటున్నాను.) మా అమ్మకు అన్న, మా పెద్దమామ, నాకు "బుక్కు" అని పేరు పెట్టినాడు. "ఏమిరా బుక్కూ, ఈరోజు ఏ పేజీ తిని వచ్చినావు?" అని వీధిలో అందరి ముందరా అడిగేవాడు.

నైనకు నా ఉద్యోగం ఇష్టం లేదు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఉద్యోగంలో చేరేరోజు ఒకే మాట చెప్పినాడు. "బస్సు ఉన్నంతదాకా పో. బస్సు నిలిచిపోతే ఎద్దుల వెనకకు రా. ఒకరి దగ్గర పని చేసేదానికి ఆరేడు మైళ్ళు నడిచి పోతానంటే ఒప్పుకోను. నడిచేదానికి మన చేను చాలదా?" కాబట్టి ఆ బస్సు నాకు బస్సు మాత్రమే కాదు. అది లేకపోతే ఫ్యాక్టరీ లేదు, ఫ్యాక్టరీ లేకపోతే సాయంత్రం గంటన్నర లేదు.

అది ఎట్లాంటి బస్సో కూడా చెప్పాలి. యుద్ధంవల్ల పెట్రోలు దొరకక, వెనకవైపు మనిషెత్తు ఇనుప పీపా ఒకటి తగిలించినారు. అందులో బొగ్గులు వేసి రాజేస్తే వచ్చే గ్యాసుతో బస్సు నడిచేది. పొద్దున్నే కండక్టరన్న పీపా పక్కన నిలబడి అరగంట సేపు విసనకర్ర చక్రం చేత్తో తిప్పేవాడు. గ్యాసు పట్టుకొన్నాక వెంటనే కదలాలి. ఊరికే నిలబెడితే దాని బలం తగ్గిపోతుంది. చిన్న మిట్ట వస్తే అందరం దిగి తొయ్యాలి. తెల్ల పంచెతో ఎక్కినవాడు చుక్కల పంచెతో దిగేవాడు. అయినా అదంటే మాకు ఎంత మురిపెమో చెప్పలేను.

ఒకనాటి సాయంత్రం తిరిగి వస్తూ ఉంటే, కండక్టరన్న నా పక్కన కూర్చొని గొంతు తగ్గించి చెప్పినాడు. "తమ్ముడూ, ఓనరు మొదలాళికి ఉండేది రెండు బస్సులు. ఒకదానికి టైర్లు లేవు, షెడ్డులో పడుకొని ఉండాది. మిగిలింది ఇదొకటిదా. తళవాయిపురం వాళ్ళు మాకు కావాలంటా ఉండారు. మీ ఊరి రూటు ఎత్తేసి దీన్ని అటు తిప్పేదానికి మాటలు జరగతా ఉండాయి. జిల్లా నుంచి ఆపీసరు వస్తాడంట. ఏ ఊళ్ళో జనం ఎక్కువ ఎక్కుతారో చూసి, ఆ ఊరికి ఇస్తాడంట." (మా మాటల్లో దా అని వస్తే, నే అని నొక్కి చెప్పినట్టు.)

మరునాడు లైబ్రరీకి పోయి, విన్నపాలు ఎట్లా రాయాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకం ముందర వేసుకొని కూర్చొన్నాను. అందులో ఉన్న పెద్దపెద్ద మాటలన్నీ ఏరి ఒక విన్నపం రాసినాను. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. అదే బల్లమీద ఇంగ్లండునుంచి వచ్చిన, అట్ట చిరిగిన సీమ పత్రిక ఒకటి ఉండింది. అందులో పెద్ద పట్టణాల్లో బస్సు దారులు ఎట్లా నిర్ణయిస్తారని ఒక వ్యాసం. ప్రయాణికులను ఒక్కొక్కరినే ప్రశ్నలడిగి, గడులు గీసిన ఫారములో రాసుకొంటారట. ప్రశ్న అందరినీ ఒకే మాటలతో అడగాలట. బస్సు కదిలినాక రాస్తే చెయ్యి అదిరి అక్షరాలు తప్పుతాయి కాబట్టి ఎక్కేముందే అడగాలట. నాకు ఒళ్ళంతా పులకరించింది. స్కేలు పెట్టి నేనూ ఒక ఫారము గీసినాను. మూడు గడులు. ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళకొకసారి. దాన్ని విన్నపానికి కుట్టి పంపించినాను.

రెండు వారాలకు జవాబు వచ్చింది. ఆపీసరు ఫలానా సోమవారం పొద్దున ఏడు గంటల బస్సు చూడడానికి వస్తాడని, నేను పంపిన ఫారము చాలా శాస్త్రీయంగా ఉందని, దాని ప్రకారమే విచారిస్తాడని. ఆ కాగితం నేను ఎన్నిమార్లు మడిచి ఎన్నిమార్లు విప్పినానో, చివరికి మడతల దగ్గర చిరిగిపోయింది.

చావడిలో ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పినాను. "సోమవారం ఎవరికి ఏ పని ఉన్నా, లేకపోయినా, ఏడు గంటలకు బస్సు దగ్గర ఉండాలి" అన్నాను. పెద్దమామ లేచి, "పని లేకుండా ఏంటికిరా? మా పెద్దోడికి పిల్లను చూసేదానికి పోవాలని ఉండాము. ఆరోజుకే పెట్టుకొంటాము" అన్నాడు. మా అవ్వ కంటి ఆస్పత్రికి వస్తానన్నది. గట్టుచేని చిన్నాయన మిరపకాయలు వేసుకొని వస్తానన్నాడు. ఇట్లా ఇరవైరెండు మంది తేలినారు. బస్సులో సీట్లు ఇరవైకి మించవు. "ఇద్దరు నిలబడితే ఇంకా మంచిది" అన్నాను నేను. ఫారములో ఏముందని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చదువుకొన్నవాడి విషయం కదా అని వాళ్ళు ఊరుకొన్నారు, చదువుకోనివాళ్ళకు ఏం తెలుస్తుందని నేను ఊరుకొన్నాను.

సోమవారం పొద్దున చావడి ముందర పెళ్ళిలాగా ఉండింది. ఇరవైరెండు మందీ ఉతికిన బట్టలతో వచ్చినారు. పెద్దమామ, అత్త, ఇంకా ముగ్గురు తాంబూలం తట్టతో, మల్లెపూలతో ఒక వైపు. గోనెసంచి మీద చెయ్యి వేసుకొని చిన్నాయన ఒక వైపు. ఆపీసరు కోటు వేసుకొని ముందు సీటులో కూర్చొని ఉండినాడు. చెన్నపట్నంలో పుట్టి పెరిగిన మనిషి, ఇంగ్లీషూ తమిళమూ కలిపి మాట్లాడేవాడు. జనాన్ని చూసి తల ఊపినాడు. తృప్తిగా ఊపినాడు, నేను చూసినాను. ఆ తరువాత నా ఫారము తీసి నాకే ఇచ్చి, "ఇది నీ ఫారము కదా తంబీ. నువ్వే అడుగు" అన్నాడు. నేను దాన్ని ఒక పలకమీద పెట్టుకొని, పెన్సిలు చెక్కుకొని, బస్సు మెట్టు పక్కన నిలబడినాను. కండక్టరన్న పీపా దగ్గర చక్రం తిప్పుతూ, "తొందరగా కానీ తమ్ముడూ, గ్యాసు పట్టుకొనింది" అన్నాడు.

మొదట వచ్చింది చిన్నాయన. ఒక కాలు మెట్టు మీద పెట్టినాడు.

"చిన్నాయనా, ఎక్కడికి?" అన్నాను.

ఆ కాలు మెల్లగా కిందికి దిగింది. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసినాడు. "తెల్లారి లేచి నీకు నేనుదా దొరికినానా?" అని, "ఉండు, ఇప్పుడే వస్తా" అని గోనెసంచి అక్కడే వదిలి ఇంటివైపు నడిచినాడు.

ఏం జరిగిందో నాకు అప్పుడే అర్థమై ఉండాలి. అర్థమైంది కూడా. అయితే చేతిలో ఫారము ఉన్నవాడికి తలలో ఇంకేదీ నిలవదు. పైగా ఆపీసరు చూస్తూ ఉన్నాడు. తరువాత పెద్దమామ. పిల్లను చూడబోయేవాళ్ళు, తట్ట చేతిలో. ఆపీసరువైపు చూస్తే, "ఉం, అడుగు" అన్నాడు.

"మామా... ఎక్కడికి?"

అత్త తట్టను ఒక్కసారిగా గుండెకు హత్తుకొన్నది, నేను దాన్ని లాక్కోబోయినట్టు. పెద్దమామ ముఖం మిరపపండులాగా అయింది. "ఒరే బుక్కూ, పిల్లను చూసేదానికి పోయేవాణ్ణి చూసి అడిగే మాటనా ఇది?"

"మామా, అడిగేది నేను కాదు. ఫారము అడగతా ఉండాది."

"అట్లనా? సరి, ఆ ఫారాన్నే ఎక్కించుకొని పో" అని వెనక్కి తిరిగినాడు. వాళ్ళ వెనక తట్ట, తట్ట వెనక మల్లెపూలు, వచ్చిన వరస చెడకుండా ఐదుగురూ ఇంటికి పోయినారు. వెనక నిలబడినవాళ్ళలో కదలిక పుట్టింది. ఇద్దరు ముగ్గురు, నేను అడగకముందే తప్పించుకొని, నా చూపు తగలనంత దూరం పోయినారు.

అప్పుడు మా అవ్వ వచ్చింది. ఆమె తెలివైన మనిషి. మెట్టుకు రెండడుగుల దూరంలోనే నిలబడి, చెయ్యి ఎత్తి, "నాయనా, నన్ను అడగబాక. నేనే చెప్పేస్తా. కంటి ఆస్పత్రికి. రాసుకో" అన్నది.

ఆ క్షణంలో నేను రాసుకొని ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. "అట్ల చెల్లదవ్వా" అన్నాను నేను. "ప్రశ్న వేసినాకనే జవాబు రాయాల. అందరినీ ఒకే మాటతో అడగాల. పుస్తకంలో అట్లదా ఉండాది."

"మన ఊరిని చూసినోడే రాసినాడా ఆ పుస్తకం?"

"సీమలో రాసింది అవ్వా. ఎక్కడికి?"

అవ్వ నావైపు చూసింది. కోపం లేదు. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "సరి నాయనా, నీళ్ళు తాగి వస్తా" అని కట్టె ఊతంగా పెట్టుకొని వెనక్కి పోయింది. అవ్వనే అడిగినాడంటే ఇంక మనమెంత అని మిగిలినవాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు జారుకొన్నారు. చావడి ముందర చిన్నాయన గోనెసంచి ఒకటే నిలబడి ఉండింది. దాన్ని నేను ఏమీ అడగలేదు కాబట్టి.

నా ఫారములో మొదటి గడిలో ఒక్క ఊరి పేరూ లేదు. రెండో గడి, ఎందుకు అనేది, అంతదాకా పోనేలేదు. ఆపీసరు దిగి వచ్చి, ఆశ్చర్యంగా ఆ వీధివైపు చూసి, "ఎందుకు తంబీ అందరూ వెళ్ళిపోతున్నారు?" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాలని చూసినాను. ఇన్ని నెలలు కూర్చొని నేర్చుకొన్న ఇంగ్లీషులో, ఒక చెంబు నీళ్ళ సంగతి చెప్పడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. "కమింగ్ సార్, ఆల్ కమింగ్" అన్నాను.

కండక్టరన్న చక్రం వదిలి అరిచినాడు. "తమ్ముడూ, గ్యాసు తగ్గతా ఉండాది, ఇంక నిలబెట్టలేము." ఆపీసరు గడియారం చూసుకొన్నాడు. అదే పూట ఆయన తళవాయిపురం కూడా చూడాలి. "సరే, నువ్వున్నావు కదా, ఒక్కడివైనా" అని నా చేతిలోని పెన్సిలు తీసుకొని, నా ఫారము మీద నా పేరున ఒక వరస మొదలుపెట్టి, నేను మెట్టు మీద కాలు పెడుతూ ఉంటే ఎంతో మర్యాదగా అడిగినాడు. "ఎక్కడికి తంబీ?"

నేను మూడు భాషలు చదివినవాణ్ణి. గ్రహణం ఎట్లా పడుతుందో బొమ్మ గీసి చూపించగలవాణ్ణి. శకునాలన్నీ మనిషి భయంలోంచి పుట్టినవని చావడిలో రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చినవాణ్ణి. అయితే చదివింది నేను, నా కాళ్ళు కాదు. అవి వాటంతట అవే మెట్టు దిగినాయి. "వన్ మినిట్ సార్" అన్నాను. ఫారము ఇంకా నా పలకమీదనే ఉంది, దానితోపాటే ఇంటికి పరుగెత్తినాను.

వీధి పొడుగునా ప్రతి తిన్నెమీదా ఒక మనిషి, ప్రతి మనిషి చేతిలో ఒక చెంబు. ఉతికిన బట్టలతో, బుద్ధిగా, చెప్పులు కింద విడిచి. పెద్దమామ వాళ్ళు ఐదుగురూ వరసగా కూర్చొని ఉండినారు, తట్ట మధ్యలో. నేను పరుగెత్తి రావడం చూసి పెద్దమామ నీళ్ళు మింగడం ఆపినాడు. "నిన్నెవరురా అడిగింది?" అన్నాడు. మా ఇంటి తిన్నెమీద నైన ఉండినాడు. చెంబు నాకు అందించినాడు.

అందరం తాగినాము. అందరం కాసేపు కూర్చొన్నాము. అందరం ఒకేసారి కొత్తగా బయలుదేరినాము. ఇరవైముగ్గురం చావడి దగ్గరకు చేరేసరికి గోనెసంచి ఉంది, బస్సు లేదు. దూరంగా దారిమీద నల్లటి పొగ మాత్రం, మిట్టదగ్గర ఆగి, మళ్ళీ కదిలి, మలుపులో కలిసిపోయింది.

జరిగినదంతా తరువాత కండక్టరన్న నోటితోనే విన్నాము. కల్వర్టు దగ్గర గ్యాసు చచ్చి బస్సు నిలిచిపోయిందట, ఎక్కినవాళ్ళు లేకపోవడంతో తోసేవాళ్ళు కూడా లేక, ఆపీసరు కోటు విప్పి ముప్పావుగంట చక్రం తిప్పినాడట. "చూసినావా" అన్నాడు పెద్దమామ చావడిలో, చాలా గంభీరంగా. "వీడు అడిగినందుకుదా తప్పించుకొన్నాము. పిల్లను చూసేదానికి పోయి, మసి ముఖాలతో దిగి ఉంటే ఎవరిస్తారు?" ఊళ్ళో చాలామంది దాన్ని ఒప్పుకొన్నారు. నన్ను ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

తళవాయిపురంలో ఫారము లేదు (అది నా దగ్గరే ఉండిపోయింది కదా), కాబట్టి ఆపీసరు ఎవరినీ ఏమీ అడగకుండా తలలు మాత్రం లెక్కపెట్టుకొన్నాడట. బస్సు నిండా తలలే. నెల తిరగకముందే మా రూటు ఎత్తేసినారు. ఉత్తరువులో మా ఊరి గురించి రాసిన వాక్యం కండక్టరన్న కంఠపాఠం చేసి వచ్చి చెప్పినాడు. ఈ ఊరివారు బస్సును చూడడానికి ఎంతో ఉత్సాహంతో వస్తారు, చూసి ఇంటికి పోతారు, అని. ఆ కడసారి సాయంత్రం బస్సు దిగేటప్పుడు నేను అన్నను అడిగినాను. "నువ్వు కూడా రోజూ అందరినీ ఎక్కడికని అడిగిదా టిక్కెట్టు చింపతావు కదన్నా. నిన్ను చూసి ఎవరూ దిగిపోలేదే?"

అన్న నవ్వినాడు. "నేను ఎప్పుడైనా నిలిచిన బస్సులో అడిగినానా తమ్ముడూ? ఊరి పొలిమేర దాటినాకదా సంచి తీస్తా. నువ్వు దినమూ నా పక్కన కూర్చొని వచ్చినావు. చూడలేదా?"

చూడలేదు. నేను దినమూ పుస్తకం చూస్తూ ఉండినాను.

నైన తన మాట తప్పే మనిషి కాదు. మరునాటినుంచి నేను ఎద్దుల వెనక నడిచినాను. బేళ్ళ మీద నంబర్లు వేసే కుంచె ఇంకొకరి చేతికి పోయింది. సాయంత్రాలు చేనుగట్టు మీద కూర్చొని రాజపాళయం వైపు, కొండల మీద మబ్బులు దిగుతూ ఉంటే చూసేవాణ్ణి. నేను లైబ్రరీ మాట ఎత్తలేదు, నైన కూడా ఎత్తలేదు. ఒక ఆదివారం పొద్దున నేను ఉతికిన చొక్కా తొడుక్కొని, నడిచే పోదామని వాకిట్లో చెప్పులు వేసుకొంటూ ఉండినాను. నైన చూసినాడు. నోరు తెరిచి, మూసుకొన్నాడు. లోపలికి పోయి ఎద్దులను తీసుకొని వచ్చి బండి కట్టినాడు. "పత్తిగింజలు తెచ్చేదుండాది" అన్నాడు, ఎద్దులతో చెప్పినట్టు. నేను ఎక్కి కూర్చొన్నాను. బండి నేరుగా పోయి లైబ్రరీ వాకిట్లో నిలిచింది. సాయంత్రం అదే వాకిట్లో వచ్చి నిలిచింది. బండిలో పత్తిగింజలు లేవు. యుద్ధం ముగిసి బస్సు మళ్ళీ మా దారికి వచ్చేదాకా వారం విడిచి వారం మాకు పత్తిగింజల అవసరం పడుతూనే ఉండింది. ఒక్కనాడు కూడా ఆయన నన్ను ఎక్కడికి అని అడగలేదు. చక్రం తిరిగినాక కూడా అడగలేదు.

ఇప్పుడు మా ఊరికి టౌను బస్సు గంటకొకటి వస్తుంది. పొగ లేదు, పీపా లేదు. నేను ఇంకా వారానికి రెండుసార్లు లైబ్రరీకి పోతాను. కండక్టరు కుర్రవాడు మంచివాడే, అయితే అతనికి తొందర ఎక్కువ. బస్సు కదలకముందే నా సీటు దగ్గరకు వచ్చి, "తాతా, ఎక్కడికి?" అంటాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాను. మళ్ళీ గట్టిగా అడుగుతాడు. చింతచెట్ల వైపు ఇంకా శ్రద్ధగా చూస్తాను. డ్రైవరు గేరు వేసి, చక్రం ఒక చుట్టు తిరిగినాక, నేనే అతనివైపు తిరిగి, "లైబ్రరీ స్టాపు నాయనా" అంటాను.

మొన్న అతను వెనక సీటు వాళ్ళతో చెబుతూ ఉండినాడు. పాపం, ఈ తాత ఎంత చదువుకొన్నాడో, చెవులు మాత్రం పూర్తిగా పోయినాయి అని. ఆ మాట నాకు స్పష్టంగా వినపడింది.